బేబీ పెన్సిల్ రాతలు

24 జూన్ 2024

ఎరువుల కొట్టువాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. అమ్మ బీపీ బిళ్ళల పేర్లు తప్ప ఇన్నాళ్ళూ ఇందులో ఏమీ రాయలేదు. ఇవాళ రాయాలనిపించింది. కారణం పెద్దదేమీ కాదు.

కాలేజీకి కొత్త బోటనీ మేడమ్ వచ్చారు. సుస్మిత. బండారులంక నుంచి బస్సులో వస్తారు. ప్రిన్సిపాల్ గారి కోసం ఎదురుచూస్తూ ఆఫీసు గదిలో నా బల్లకి ఎదురుగా కూర్చుని పుస్తకం తీశారు. సంతకం పెట్టించుకోవాలని నేను రిజిస్టరు పట్టుకుని వెళ్ళి పక్కన నిలబడ్డాను. రెండు నిమిషాలు నిలబడ్డాను. ఆవిడకి తెలియలేదు. పేజీ చివర ఏముందో, చిన్నగా నవ్వుకున్నారు. ఫోను చూసి నవ్వేవాళ్ళని రోజూ చూస్తాను, ఆ నవ్వు వేరు. ఇది లోపల ఎవరో మనిషితో మాట్లాడుతూ నవ్వడం. ఆ మనిషి నేనైతే బాగుండుననిపించింది. నాకోసం రాసుకుంటున్నాను కాబట్టి ఉన్నమాటే రాస్తున్నాను.

చదివే ఆడవాళ్ళలో ఏదో ఉంది. మనల్ని పట్టించుకోరు, కానీ అది పొగరనిపించదు. తలెత్తి మనకేసి ఒక్కసారి చూస్తే చాలు, ఎక్కడో దూరం నుంచి మనకోసమే వచ్చారనిపిస్తుంది.

బేబీ కూడా చదివేది. అది వేరు. కట్టుకున్నది చదువుతూ కూర్చుంటే అన్నం మాడుతుంది.

27 జూన్

సాయంత్రం గేటు దగ్గర బస్సు కోసం నిలబడి చదువుతున్నారు. సన్న వాన. పేజీ తిప్పవలసి వచ్చినప్పుడల్లా గొడుగు కర్రని మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుంటున్నారు. నేను వెళ్ళి గొడుగు పట్టుకున్నాను.

"మా ఇంట్లో కూడా చాలా పుస్తకాలున్నాయండీ," అన్నాను.

తలెత్తారు. వచ్చి నాలుగు రోజులైంది, నన్ను సరిగ్గా చూడటం ఇదే మొదలు.

"ఔనాండీ! ఎవరివండీ?"

"నావేనండీ."

అబద్ధమని కాదు. ఇల్లు నాది. ఇంట్లో ఉన్నవి నావి కాక ఎవరివి?

28 జూన్, శుక్రవారం

కువైట్ నుంచి బేబీ ఫోను. శుక్రవారం అక్కడ సెలవు. సెలవు తనకి కాదు, ఆ ఇంటివాళ్ళకి. వాళ్ళు బయటికి పోతే మంచంలో ఉన్న ముసలావిడ, ఆవిడకి సేవ చేసే బేబీ మిగులుతారు. అప్పుడు మాట్లాడుతుంది. వెళ్ళి మూడేళ్ళయింది. తను వెళ్ళాకే మా ఇంటికి స్లాబు పడింది, కాదనను.

ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"ఏవండీ, వానలు మొదలయ్యేయంట కదా. నా పెట్టి ఓసారి దింపి చూడరా? చెద పట్టేత్తదేమోనని బెంగండీ. నాలుగు వేపాకులు పడేద్దురూ."

"చూస్తాలే."

"ఇక్కడ తెలుగు ముక్క కనబడదండీ. ఫోన్లో ఒక్క పేజీ చదివి వినిపించరా? ఏ పుస్తకమైనా సరే."

పనుందన్నాను. నిజంగానే పనుంది. టీవీలో వార్తలు వస్తున్నాయి.

30 జూన్

చర్చి నుంచి వచ్చాక అటక మీంచి ట్రంకు పెట్టె దింపాను. బేబీ పుస్తకాలు నూటికి పైగా ఉన్నాయి. ప్రతి పుస్తకంలోనూ అంచుల్లో పెన్సిల్ రాతలు, ప్రతి రాత కిందా తేదీ. మా చర్చిలో పెద్దవాళ్ళకి ఆ అలవాటుంది. ప్రసంగం వింటూ బైబిల్లో వాక్యం పక్కన ఒక మాట రాసుకుని తేదీ వేస్తారు. ఫలానా రోజున దేవుడు నాతో ఇలా మాట్లాడాడని గుర్తుకి. బేబీ వాళ్ళ నాన్న సంఘ పెద్ద, ఆయన బైబిలంతా పెన్సిలే. ఈవిడ నవలలకి కూడా అదే పని చేసింది. నవల్లోంచి ఈవిడతో ఎవరు మాట్లాడారో మరి.

ఒకటి మాత్రం ఉబ్బిపోయి, రెండు పుస్తకాలంత లావుంది. కాలువలో పడిన పుస్తకం. ఐదేళ్ళ కిందట అనుకుంటాను, చేపల పులుసు మాడ్చింది. నేను ఆ పుస్తకం తీసుకెళ్ళి వీధి ఎదురుగా కాలువలోకి విసిరాను. కోపం ఎవరికి రాదు? తను చీర కూడా ఎగదోపుకోకుండా నడుం లోతు నీళ్ళలోకి దిగి పట్టుకొచ్చింది. రెండు రోజులు బట్టల తీగ మీద వేసి ఆరబెట్టింది. వీధిలోవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

పైనున్న పుస్తకం తీసి సంచిలో పెట్టుకున్నాను. వేపాకులు రేపు వేస్తాను.

1 జూలై

ఇచ్చాను.

4 జూలై

ఇవాళ్టిది మొత్తం రాయాలి.

మొదటి బెల్లు కొట్టకముందే సుస్మిత మేడమ్ నా బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ప్రకాశరావు గారండీ, ఈ పెన్సిల్ రాతలు ఎవరివండీ?"

రాతలున్న సంగతే మర్చిపోయి ఇచ్చాను. ఆవిడ పేజీ తీసి నా ముందు పెట్టారు. కథలో ఎవరో కోడలు అన్నం ముట్టకుండా రోజంతా ఏడ్చిందట. దాని పక్కన బేబీ రాసింది:

'ఏడుస్తున్నామని తినడం మానరు. ఏడుస్తూనే తింటారు. రాసినాయనకి తెలీదు. 11-3-2015.'

ఇంకోచోట వర్షం పడుతోందని ఉంటే, దాని పక్కన:

'ఏ వర్షం? పెంకు మీద పడేదా, కొబ్బరాకు మీద పడేదా? రెండూ ఒకటి కాదు. 12-3-2015.'

"మీవేనాండీ?" ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. నిజంగా నీళ్ళే.

"ఆయ్," అన్నాను.

"రాసినాయన కంటే ఈ రాతలే బాగున్నాయండీ. మరి ఈ తేదీలేంటి?"

చర్చి అలవాటు చెప్పాను. అది నిజమే కాబట్టి తడబడకుండా వచ్చింది. ఆఫీసులో ఫీజు రసీదులు తొందరలో గొలుసుకట్టుగా రాస్తాననీ, ఇవి ఇంట్లో నింపాదిగా రాసుకునేవనీ కూడా ఆవిడ అడక్కుండానే చెప్పాను. తల ఊపారు.

"ఇలా రాసే మనిషి ఉన్నారంటే ఎంత బాగుందోనండీ," అన్నారు.

నలభై మూడేళ్ళలో నాతో ఎవరూ అలాంటి మాట అనలేదు. మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాలేదు.

బేబీ ఈ రాతలు నాకెప్పుడైనా చూపించిందా? చూపించింది, రెండు మూడుసార్లు. ఇదిగో ఇది చూడండని పుస్తకం నా ముందుకి తోసింది. నేను చేత్తో నెట్టేశాను. అప్పుడు అవి ఇంత బాగా లేవు.

7 జూలై

రబ్బరు కొన్నాను. ఇచ్చేముందు ప్రతి పేజీ తిప్పి చూస్తున్నాను. 'ఆయన' అని ఉన్నచోట, అమ్మ గురించి ఉన్నచోట, ఆడవాళ్ళ సంగతులున్నచోట చెరిపేస్తున్నాను. కథలు చదవడం లేదు, అంత తీరికేది? రాతలు మాత్రమే చూస్తున్నాను.

'ఆయన' చాలాచోట్ల ఉంది. ఒకచోట: 'ఈరోజు ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేరు. ఈ పేజీ మడిచి పెట్టుకుంటున్నాను.' మడత అలాగే ఉంది. రాత చెరిపి, మడతని గోటితో సాపు చేశాను.

13 జూలై

నాలుగో పుస్తకం ఇచ్చాను. ఇంట్లోవాళ్ళ గురించి అడిగారు. మా ఆవిడ కువైట్లో ఉందని చెప్పాను.

"ఆవిడ కూడా చదువుతారాండీ?"

"లేదండీ. ఏదో సంతకం పెడుతుంది."

ఎందుకలా అన్నానో తెలియదు. మాట పొడిగించడం ఇష్టంలేక అని ఉంటాను.

16 జూలై

చిక్కు వచ్చి పడింది. ఆవిడ తన పుస్తకం ఒకటి నాకు ఇచ్చారు. కొత్తది, అంచులన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఇది చదివి మీ రాతలు రాసివ్వండీ. వాటితో కలిపి మళ్ళీ చదువుకుంటాను."

18 జూలై

ఇరవై పేజీలు చదివాను. మూడుసార్లు నిద్ర వచ్చింది. ఒకచోట 'చాలా బాగుంది' అని రాశాను. చూసుకుని చెరిపేశాను.

19 జూలై, శుక్రవారం

బేబీ ఫోను చేసి పెట్టె మాట ఎత్తకముందే నేను అన్నాను:

"ఒక పుస్తకం చదువుతున్నాను."

లైను తెగిందేమో అనుకున్నాను.

"మీరాండీ?"

"ఊఁ. వినిపించనా?"

రెండు పేజీలు చదివాను. ఒక ముసలాయన ఆఖరిసారి తన కొట్టు మూసి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూస్తాడు. చదువుతుంటే మధ్యలో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఏడ్చేంత ఏముందో అందులో!

"ఇక్కడ నువ్వైతే పక్కన ఏం రాస్తావు?" అన్నాను.

"తాళం పడిందో లేదోనని కాదండీ లాగేది. ఇంకాసేపు అక్కడ నిలబడ్డానికి."

రాసుకున్నాను. ఇప్పుడు తన దస్తూరి దిద్దుతున్నాను. 'ళ' దగ్గర తోక కాస్త పొడుగ్గా లాగుతుంది. నాలుగైదుసార్లు రాస్తే వచ్చేసింది.

26 జూలై

గోదారి పెరిగింది. లంకల్లోకి నీళ్ళొచ్చాయి. కాలేజీకి సెలవిచ్చారు. మంచిదే అయింది, ఇంట్లో కూర్చుని పని కానిస్తున్నాను. పేజీలు ఫోటోలు తీసి బేబీకి వాట్సాప్‌లో పంపుతాను. తను స్నానాల గదిలో తలుపేసుకుని చదివి, గొంతు తగ్గించి వాయిస్ పెడుతుంది. నేను విని అంచుల్లో ఎక్కిస్తాను. రోజుకి ఆరేడు పేజీలు అవుతున్నాయి.

ఇవాళ పేజీ గురించి చెప్పి, చివర ఇలా అంది:

"మనకి పెళ్ళై పదహారేళ్ళయిందండీ. నాకు మాత్రం ఇప్పుడే అయినట్టుంది."

సరే సరే అని మెసేజ్ పెట్టి, తర్వాతి పేజీ పంపాను.

3 ఆగస్టు

మేడమ్ పుస్తకం ఇంకా పూర్తి కాలేదు. బేబీ నుంచి మూడు రోజులుగా ఏమీ లేదు. ఇక్కడ ఎనిమిది పేజీలు ఖాళీగా ఉన్నాయి. మనిషికి బాధ్యత ఉండాలి.

5 ఆగస్టు

స్నానాల గదిలో ఫోనుతో దొరికిపోయిందట. ముసలావిడ కూతురు ఫోను లాక్కుని దాచేసింది. చెంప మీద ఒకటి వేసింది కూడా. ఇవాళే తిరిగిచ్చిందట.

"ఏం పర్లేదండీ. మీరు ఎక్కడిదాకా వచ్చేరు? నేను లేకుండా ముందుకెళ్ళిపోలేదు కదా?"

లేదన్నాను. ఎనిమిది పేజీలూ ఒకేసారి పంపాను.

12 ఆగస్టు

మేడమ్ గారి పుస్తకం ఇచ్చేశాను. అక్కడే నిలబడి మొదటి రాత చదివారు. ముఖం ఒక్కసారి వెలిగిపోయింది. పుస్తకం గుండెకి పెట్టుకుని, "మీరు ఈ మధ్యే రాసేరు కదండీ ఇది? ఈ నెల్లోనే కదా?" అని రెండుసార్లు అడిగారు. ఔనంటే నా చెయ్యి పట్టుకుని ఊపారు.

నేను దీన్ని ప్రేమ అనడం లేదు. చెయ్యి పట్టుకున్నారని మాత్రం రాస్తున్నాను.

6 సెప్టెంబర్

ఇప్పటికి పది పుస్తకాలు వెళ్ళాయి. ఇంకా ఉన్నాయాండీ అంటే, పైనే ఉందని ఆ ఉబ్బిన పుస్తకం కూడా ఇచ్చాను. అటక మీద చెమ్మకి పేజీలు సగం మళ్ళీ అతుక్కుపోయాయి, రాతలన్నీ చూడటం కుదరలేదు. నీళ్ళకి పోయే ఉంటాయి.

నీలం చొక్కా కుట్టించుకున్నాను. ఆవిడతో విడిగా మాట్లాడాలి. ఏం మాట్లాడాలో బేబీని అడగలేను కదా.

19 సెప్టెంబర్

నీలం చొక్కా వేసుకుని వెళ్ళాను. స్టాఫ్ రూములో ఆవిడ ఒక్కరే ఉన్నారు. నేను గొంతు సవరించుకునేలోపే ఆవిడ సంచి తీసి బల్ల మీద పెట్టారు. పదకొండు పుస్తకాలు. పైన కాలువ పుస్తకం.

వెనక అట్ట తెరిచారు. అతుక్కుపోయిన కాగితాన్ని ఆవిరి పట్టి విప్పారట. లోపల పెన్సిల్ కాదు, బాల్‌పెన్ను. చెక్కుచెదరలేదు.

'ఆయన కాలవలో పడేసేరు. తీసుకున్నాను. ఎండింది. మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను. బేబీ. 22-9-2019.'

"బేబీ గారంటే ఎవరండీ?"

నేను అట్ట మూయబోయాను.

"సంతకం మాత్రం పెడతారన్నారు, ఆవిడేనా?"

"మేడమ్ గారండీ, నేను చెప్పేది..."

"మొదటి పుస్తకం రోజే తెలుసండీ నాకు. మీ రసీదులు రోజూ చూస్తున్నాను కదా. రెండు చేతిరాతలు వేరని చంటిపిల్లకైనా తెలుస్తాది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారండీ?"

"అడిగితే పుస్తకాలు ఆపేస్తారు కదండీ. ఆవిడెవరో తెలీదు, ఉందో లేదో తెలీదు. పోయిందేమో అనుకున్నానండీ. అందుకే నా పుస్తకం మీకిచ్చేను. కొత్త రాతలు వచ్చేసరికి బతికే ఉందని తెలిసింది. ఆ రోజు ఎంత సంతోషం వేసిందో!"

ఆగస్టు పన్నెండున నా చెయ్యి పట్టుకున్నది అందుకన్నమాట.

"మీరు చెరిపినవి కూడా చదివేనండీ," అన్నారు. "కాగితం వెలుతురికి పెడితే పెన్సిల్ నొక్కు కనబడతాది. పేరు పెట్టి పిలిచేరని పేజీ మడుచుకున్నదీ, అదీ. ఆవిడ నంబరివ్వండి, నేను మాట్లాడుకుంటాను."

"ఇవ్వను. అది నా భార్య."

"ఆయ్," అన్నారు. హాజరు పట్టీ తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయారు.

సంచి మోసుకుని బస్సెక్కాను. ఆవిడ మూడు నెలలూ నా ముందు కూర్చుని మాట్లాడింది నాతో కాదు. ఎక్కడో కువైట్లో ముసలావిడ మలమూత్రాలు ఎత్తే బేబీతో. నాలో ఏం తక్కువ? ఈ పెన్సిల్ పిచ్చి లేకపోతే నాకు ఈ అవమానం జరిగేదే కాదు. ఇదంతా బేబీ చేసిందే.

20 సెప్టెంబర్, శుక్రవారం

బేబీ వచ్చేస్తోంది.

"ఇంకో ఏడాది ఉండమన్నారండీ. కుదరదన్నాను. అక్కడ మీరు చదువుతుంటే ఇక్కడ నేనెలా ఉండను? వచ్చే నెలాఖరికల్లా వచ్చేత్తాను. సాయంత్రం పూట అరుగు మీద కూచుని, మీరో పేజీ, నేనో పేజీ."

ఊఁ అన్నాను.

21 సెప్టెంబర్

వాన. కొబ్బరి మట్టలు తడిశాయి. స్నానానికి వేణ్ణీళ్ళ పొయ్యి అంటుకోలేదు. రెండు పుస్తకాలు పెట్టాను.

22 సెప్టెంబర్

నీళ్ళు బాగా కాగాయి.

23 సెప్టెంబర్

ఇవాళా కాగాయి. రోజుకి పది పుస్తకాలు పడుతున్నాయి.

25 సెప్టెంబర్

"సావిట్లో పొడి మట్టలున్నాయి కదరా," అంది అమ్మ.

"అవీ తడిశాయి," అన్నాను.

సావిట్లోకి వెళ్ళి ఒక మట్ట తెచ్చి నా ముందు విరిచింది. ఫట్టున విరిగింది. మట్ట అక్కడ పడేసి లోపలికి వెళ్ళిపోయింది. బేబీ చదువుతుంటే లైటు ఆర్పేసిన మనిషి ఈవిడే. నాకు నీతులు!

2 అక్టోబర్

కాలువ పుస్తకం ఆఖరున పెట్టాను. ఎంతకీ అంటుకోదు. పొగ, కళ్ళ మంట. కర్రతో పేజీలు విడదీసి పెడితే అప్పుడు అంటుకుంది.

పెట్టె తుడిచి వేపాకులు వేశాను.

4 అక్టోబర్, శుక్రవారం

"చెద పట్టేసింది బేబీ. ఇవాళే చూశాను."

అవతల ముసలావిడ దగ్గు వినిపిస్తోంది.

"అన్నీనాండీ?"

"అన్నీ."

"కాలవదీ?"

"అదీ."

ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తిడుతుందని చూశాను. ఎన్నిసార్లు చెప్పేను వేపాకులేయమని, ఒక్కసారైనా దింపి చూసేరా అని తిడితే, నేనూ నాలుగు మాటలని ఫోను పెట్టేద్దును. తిట్టలేదు.

"పోనీలెండి," అంది. "పోయే ముందు మీరు చదివేరు కదా. నా రాతలతో సహా చదివేరు. మీ దగ్గరున్నట్టే కదండీ. నేను వచ్చేక ఒక్కొక్కటీ చెప్పండి. ఇన్నాళ్ళూ నేను చదివేను. ఇక మీరు చెప్పాలి, నేను వినాలి."

17 అక్టోబర్

పదకొండు పుస్తకాలు నా చేతుల మీదుగా వెళ్ళొచ్చాయి. గుర్తున్నవి రాసుకుందామని కూర్చున్నాను.

ఒక కోడలు. ఒక వర్షం. కొట్టు తాళం.

కోడలు ఎందుకు ఏడ్చిందో తెలియదు. ఆ పుస్తకం పేరు కూడా చూడలేదు.

24 అక్టోబర్

సుస్మిత మేడమ్ గేటు దగ్గర నిలబడి చదువుతున్నారు, గొడుగు కర్ర మెడకి ఇరికించుకుని. కిటికీలోంచి చూశాను. కోడలు కథ ఏమిటని అడుగుదామని మెట్ల దాకా వెళ్ళాను. నన్ను చూసి పుస్తకం మూసేశారు. నా కోసం ఆవిడ పుస్తకం మూసింది ఈ ఒక్కసారే.

31 అక్టోబర్

పొద్దున బేబీ దిగింది. చిక్కిపోయింది. కళ్ళజోడు వచ్చింది. బట్టల కంటే ముందు తను తెచ్చుకున్న పెట్టెలోంచి పెన్సిళ్ళ డబ్బా తీసి నా చేతిలో పెట్టింది.

"మీకేనండీ. రబ్బరు కూడా ఉంది వాటి వెనకాల."

అటకకేసి ఒక్కసారే చూసింది. పెట్టె దింపమనలేదు. మధ్యాహ్నం తనే వండింది. చేపల పులుసు. మాడలేదు. నాకు వడ్డించి, తను పెట్టుకోకుండా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. మొదటిరోజు పుస్తకంలోకి చూస్తున్న సుస్మిత మేడమ్‌ది అచ్చం ఇదే మొహం. నన్ను అలా చూసినవాళ్ళు ఇంతవరకూ లేరు.

"చెప్పండి," అంది.

"ఏది?"

"మీకు బాగా నచ్చింది. మొదటి నుంచి."

అన్నం కలుపుతూ ఉండిపోయాను. గోడ అవతల అమ్మ దగ్గింది.

"తొందరేం లేదండీ. తింటూనే చెప్పండి."

బేబీ అప్పుడెప్పుడో ఆ కోడలి పక్కన రాసింది నిజమే. మానలేదు, తింటూనే ఉన్నాను.